మూడు వరుసల లేబుల్

మా ఇంట్లో పాత సామాన్లు పడేసే చిన్న గది ఒకటుంది. దానికి కిటికీ లేదు. ఆ గదిని అయిదు నెలలపాటు ఒక సాలీడు ఆక్రమించుకుంది. లోపల లైటు వెయ్యకూడదు, తలుపు దబాలున మూయకూడదు, ఫినాయిల్ వాసన తగలకూడదు. నా కుట్టుమిషను ఆ గది గోడకి ఆనుకుని ఉండేది. "మిషను కాస్త అవతలికి జరుపుకుంటావా? అదురుకి అది బెదురుతోంది" అంది మా వదిన. పన్నెండేళ్ళుగా ఆ మూలే నా కొట్టు, నా ఆఫీసు, నా సింహాసనం. బియ్యపు గింజంత పురుగు బెదురుతోందని నేను జరగాలట! ఒళ్ళు మండిపోయింది. అయినా జరిగాను. జరిగి ఏం ఒరిగిందో, ఆ కథే చెబుతున్నాను.

వదిన అంటే మా ఆయనకి అక్క. మాతోనే ఉంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది, మార్కెట్టుకి వెళ్ళడానికి దొరకలేదన్నంత తేలిగ్గా. మ్యూజియంలో నమూనాల గదికి అటెండరు. సందర్శకులు చూసే హాలు కాదు, దాని వెనక మెట్లెక్కి వెళ్ళే పెద్ద గది. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా గాజు సీసాలు, సీసాల్లో స్పిరిట్, స్పిరిట్‌లో పాములు, తేళ్ళు, చేపపిల్లలు, సాలీళ్ళు. ఆఫీసర్లు టూర్లకి వెళ్ళి పట్టుకొచ్చినవన్నీ ఆవిడ బల్ల మీదికే వస్తాయి. పురుగున్న గాజు గొట్టంలో స్పిరిట్ పోసి, లేబుల్ సరిచూసి, రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి అరలో పెట్టాలి. ముప్ఫై రెండేళ్ళు అదే పని. ఎన్ని సబ్బులు రుద్దినా ఆవిడ చీరల్లోంచి స్పిరిట్ వాసన పోదు.

ఆవిడకి రెండు సూత్రాలున్నాయి. మొదటిది, ముందు స్పిరిట్, తర్వాత మాటలు. ఎప్పుడో ఒక ఆఫీసరు బల్ల దగ్గర టీ తాగుతూ కబుర్లు చెబుతుంటే, ఒకే సీసాలో ఉన్న రెండు తేళ్ళలో ఒకటి రెండోదాన్ని సగం తినేసిందట. అప్పట్నుంచి బల్ల మీదికి ఏ గొట్టం వచ్చినా, ఎదురుగా ఎవరున్నా, ఆవిడ చెయ్యి ముందు స్పిరిట్ సీసా మీదికి పోతుంది. రెండోది, లేబుల్ లేని నమూనా చెత్తతో సమానం. లేబుల్ అంటే మందపాటి కాగితం ముక్క మీద మూడు వరుసలు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు పట్టారు. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. గొట్టం బయట అంటించకూడదు, లోపలే వెయ్యాలి. ఒకసారి రాసిందాన్ని ఎవరూ మార్చకూడదు, డైరెక్టరైనా సరే.

ఈ లేబుళ్ళ పిచ్చి ఇంటికీ పాకింది. మా పంచదార డబ్బా మూత తీస్తే లోపల కాగితం ముక్క: "పంచదార. ఫలానా తేదీ. తెచ్చింది: తమ్ముడు." ఒకసారి మా ఆయన టీలోకి ఆ ముక్క కూడా పడిపోయింది. "అక్కా, నన్ను కూడా సీసాలో పెట్టి నంబరు వేసెయ్, ఓ పనైపోతుంది" అన్నాడు. "నీకు లేబుల్ ఎవరు రాస్తారురా, నీ బుద్ధులకి మూడు వరుసలు సరిపోవు" అంది ఆవిడ. నవ్వొచ్చినా నవ్వలేదు నేను, చెంచాతో కాగితం ముద్ద తీస్తున్నాను కదా.

సరే, అసలు సంగతి. ఆ ముందు ఏడాది మ్యూజియంవాళ్ళు ఒక గుహకి టూరు వెళ్ళారు. సీసాలు మొయ్యడానికి, లెక్క చూసుకోవడానికి వదినని కూడా తీసుకెళ్ళారు. ఆఫీసర్లందరూ టార్చీలు వేసుకుని లోపలికి పోతే, ఈవిడ మలుపు దగ్గర కూర్చుంది. సీసాల పెట్టె ఒరిగిపోతోందని దాని కిందున్న రాయి ఎత్తి సర్దబోయింది. రాయి అడుగున ఒక సాలీడు. తెల్లగా, దాదాపు అద్దంలా, సన్నటి పొడుగు కాళ్ళతో. కళ్ళుండాల్సిన చోట ఏమీ లేదట. ముప్ఫై రెండేళ్ళు సీసాలు తుడిచిన మనిషి కదా, చూడగానే చెప్పింది: "సార్, ఇది మన దగ్గర లేదు." డైరెక్టరు నవ్వాడట. నెల్లాళ్ళు పుస్తకాలన్నీ తిరగేసి, దేశదేశాలవాళ్ళకి ఫొటోలు పంపించి, అప్పుడు ఒప్పుకున్నాడు. ఇంతవరకూ ఎవరూ చూడనిది. పేరే లేనిది.

మరి ఆ సాలీడు లేబుల్ మీద మూడో వరుసలో ఎవరి పేరుందో తెలుసా? డైరెక్టరుది. టూరు ఎవరి పేరు మీద ఉంటే పట్టింది వాళ్ళే, అదీ పద్ధతి. రాసింది మాత్రం మా వదినే, సొంత చేత్తో.

"మీ చేత్తో మీరే ఎలా రాశారు వదినా?" అని గొంతు పెద్దది చేశాను.

"పద్ధతి అంతేనే."

"ఏం పద్ధతి? రాయి ఎత్తింది మీరు!"

"రాళ్ళెత్తినవాళ్ళందరి పేర్లూ రాస్తే లేబుల్ సరిపోదు" అంది, అన్నం కలుపుకుంటూ. ఆవిడకి కోపం రాదు. ఆవిడకి రావలసింది కూడా నాకే వస్తుంది, అదే నా ఖర్మ.

డైరెక్టరు చెడ్డవాడేం కాదు, అది కూడా చెప్పాలి. కొత్త జీవి దొరికితే దాని రూపురేఖలు వర్ణిస్తూ బొమ్మలతో ఒక వ్యాసం అచ్చు వెయ్యాలి. అలా వేస్తేనే లోకంలో దానికి పేరున్నట్టు. వదిన బొమ్మలు బాగా వేస్తుంది. ఒక కన్ను మైక్రోస్కోపులో, ఇంకో కన్ను కాగితం మీద. ఎవరూ నేర్పలేదు, ఏళ్ళ తరబడి ఆఫీసర్ల బొమ్మలు దిద్దీ దిద్దీ వచ్చేసింది. "బొమ్మలన్నీ నువ్వే వెయ్యి, వ్యాసం మీద నా పేరు పక్కన నీ పేరు వేస్తాను" అన్నాడాయన. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి నాతో చెప్పింది. "నా పేరేనే, అచ్చులో." మా పెళ్ళప్పట్నుంచీ చూస్తున్నాను, ఆ మొహంలో అంత వెలుగు ఎప్పుడూ లేదు.

కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, ఆవిడ రిటైరయ్యేలోపు వ్యాసం వెళ్ళిపోవాలి. ఉద్యోగంలో లేనివాళ్ళ పేర్లు మ్యూజియం వ్యాసాల మీద వెయ్యరు. రెండోది, దొరికినవన్నీ ఆడవే. మగది కావాలి. ఈ రకం సాలీళ్ళలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలిసేది మగదాని మూతి ముందుండే రెండు పొట్టి చేతుల్లోనట. వాటి చివర కొక్కేలు, మెలికలు ఉంటాయి, ఏ జాతివి ఆ జాతికే. అవి కూడా చివరిసారి కుబుసం విడిచి పెద్దదయ్యాకే బయటపడతాయి. అంతవరకూ ఆ చేతులు ఊరికే ఉబ్బి ఉంటాయి, లోపల ఏముందో కనిపించదు. "మగది లేకుండా పంపితే నలుగురూ నవ్వుతారు" అన్నాడు డైరెక్టరు.

రెండో టూరులో ఒక పిల్ల మగది ప్రాణంతో దొరికింది. నమూనాల గదిలో ప్రాణమున్న పురుగుని ఉంచకూడదని రూలు. అందుకని గాజు జాడీలో తడి ఇసుక, రెండు రాళ్ళు వేసి మా ఇంటికి తెచ్చింది. రిటైర్‌మెంటుకి సరిగ్గా అయిదు నెలలుంది.

ఆ అయిదు నెలలూ దాన్ని సాకింది ఎవరు? నేను. ఆవిడ ఆఫీసుకి పోతే ఇంట్లో ఉండేది నేనే కదా. అరటితొక్కలు కుళ్ళబెట్టి, వాటి మీద ముసిరే చిట్టి ఈగల్ని పెంచి, మూడు రోజులకొకసారి నాలుగేసి జాడీలో వెయ్యాలి. ఇల్లంతా ఈగలు! కుట్టడానికిచ్చిన బట్టల మీద ఈగలు! స్కూలు యూనిఫారాలు ఇవ్వడానికి వచ్చినావిడ ముక్కు మూసుకుని "ఏంటండీ ఈ వాసన" అంటే, సాలీడు భోజనం అని చెప్పలేక నీళ్ళు నమిలాను. జాడీ మూతికి కట్టిన గుడ్డ రోజుకి రెండుసార్లు తడపాలి. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే అది ఎండిపోతుంది. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి. తిట్టుకుంటూనే చేశాను. మూడో నెల వచ్చేసరికి అది రాయి కింద ఏ పక్కన ఉంటుందో చూడకుండానే చెప్పగలిగేదాన్ని. ఈగ పడగానే ముందు కాలొకటి ఎత్తి, గాలిని తడిమి, ఆగి, అప్పుడు కదిలేది. కళ్ళు లేకపోయినా సూదిలో దారం ఎక్కించినంత గురి. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు, నా పరువేం కాను?

నాలుగో నెల దాటాక ముందు చేతులు రెండూ ఉబ్బాయి. నేను గంతేశాను. వదిన భూతద్దం పెట్టి చూసి, "ఇంకా లేదు. ఇంకొక్క కుబుసం" అంది. ఆ తర్వాత సాలీడు తిండి మానేసింది. కంగారుగా వదినకి చెప్పాను. "మంచిదే, కుబుసానికి ముందు తినవు" అంది. రిటైర్‌మెంటుకి ఇంకో వారమే ఉంది. బొమ్మలన్నీ అయిపోయాయి. మగదాని బొమ్మకి మాత్రం తెల్లకాగితం మీద రెండు పెట్టెలు గీసి ఖాళీగా ఉంచింది.

ఆ సోమవారం పొద్దున వదిన వెళ్ళిపోయాక, మా బిల్డింగు సెక్రటరీ తలుపు కొట్టాడు. "అమ్మా, ఇవాళ బొద్దింకల మందు కొడుతున్నారు, అన్ని ఫ్లాట్లకీ. పదకొండింటికి మీ వంతు."

"నోటీసేదండీ?"

"లిఫ్టులో అంటించాం కదా!"

లిఫ్టు పాడై ఇరవై రోజులైంది. నాలుగో అంతస్తుకి మెట్లెక్కుతున్నవాళ్ళకి లిఫ్టులో నోటీసు ఎలా కనిపిస్తుంది? ఆయన్ని కడిగేశాను. కడిగితే ఏం లాభం, మందు కొట్టేవాళ్ళు అప్పటికే కింది అంతస్తులో ఉన్నారు, మెట్ల మీదుగా వాసన పైకి ఎగదన్నుతోంది. వదినకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ వారమంతా గది అప్పగింతలు, సీసాలు లెక్కపెట్టి కొత్తావిడకి ఒప్పజెప్పడం. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇంక నేనే తీసుకెళ్ళాలనుకున్నాను.

జాడీ బరువు. బస్సులో ఇసుకా రాళ్ళూ దొర్లితే దాని ప్రాణం పోతుంది. ఇంట్లో వదిన తెచ్చి పెట్టుకున్న గాజు గొట్టాలున్నాయి, దూది బిరడాతో. తడి గుడ్డపేలిక ఒకటి వేసి, దాన్ని కుంచెతో మెల్లగా గొట్టంలోకి నెట్టాను. అది ఒక్క కాలు కూడా విరగకుండా లోపలికి పాకింది. నన్ను చూసి నాకే గర్వమనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, లేబుల్! లేబుల్ లేకపోతే ఆవిడ ముందు నాకు అక్షింతలే. మందపాటి కాగితం కత్తిరించాను. పెన్సిల్ చెక్కాను. మొదటి వరుస, గుహ. రెండో వరుస, పట్టిన తేదీ. మూడో వరుస దగ్గర ఒక్క క్షణం ఆగాను. డైరెక్టరు పేరు రాయాలని తెలుసు. ఛస్తే రాయను అనుకున్నాను. వదిన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కుట్టినంత జాగ్రత్తగా రాసి, మడిచి, లోపల వేశాను. అచ్చం ఆవిడ నేర్పినట్టే.

మ్యూజియంలో వదిన బల్ల దగ్గర లేదు. లోపల అరల మధ్య కొత్తావిడకి సీసాలు చూపిస్తున్న గొంతు వినిపిస్తోంది. బల్ల మీద చెక్క స్టాండులో ఏడెనిమిది గొట్టాలున్నాయి. నా గొట్టం పడిపోకుండా దాన్ని కూడా ఆ స్టాండులోనే నిలబెట్టాను. అంతలో గేటు దగ్గర వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, సంతకం పెట్టకుండా వచ్చేశారు, నా ఉద్యోగం పోతుంది, రండి." "ఒక్క నిమిషం బాబూ" అంటే వినడే! కిందికి దిగి సంతకం, వచ్చిన టైము, ఎవరి కోసం, ఫోన్ నంబరు, అన్నీ రాసి పైకొచ్చేసరికి పది నిమిషాలు.

వదిన బల్ల దగ్గర కూర్చుని ఉంది. పక్కన డైరెక్టరు నిలబడి, పోయినేడాది సీసాల లెక్క తేడా వచ్చిందని సణుగుతున్నాడు. ఆవిడ "ఊఁ, ఊఁ" అంటూనే పని చేసుకుపోతోంది. స్టాండు ఖాళీ అయింది. గొట్టాలన్నీ ట్రేలో వరసగా ఉన్నాయి, అన్నిటి నిండా స్పిరిట్. ఆవిడ ఎడం చేత్తో చివరి గొట్టం వెలుతురుకి ఎత్తి పట్టుకుని, లోపలి లేబుల్ చదువుతూ, కుడిచేత్తో రిజిస్టరులో ఎక్కిస్తోంది. చోటు రాసింది. తేదీ రాసింది. మూడో గడిలో తన పేరు సగం రాసి ఆగిపోయింది.

"ఇదేంటి, నా పేరుంది?" అంది.

పరుగున బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గొట్టం కిందికి దించి, నన్ను చూసి, మళ్ళీ గొట్టాన్ని చూసింది. దాని కాళ్ళు ఎనిమిదీ కడుపు కిందికి ముడుచుకుని ఉన్నాయి.

"ప్రాణంతో తెచ్చావా?" అంది, చాలా నెమ్మదిగా.

"మందు కొడుతున్నారు వదినా... ఫోన్ ఎత్తలేదు మీరు..."

లేబుల్ ఉన్న గొట్టమంటే స్పిరిట్ పోసెయ్యాల్సిన పురుగని అర్థమట ఆ గదిలో. ప్రాణంతో ఉంచాల్సినదానికి ఎవరూ లేబుల్ వెయ్యరు, జాడీ మీద పేరు రాస్తారంతే. ఆ సంగతి నాకు ఎవరు చెప్పారు? నేను లేబుల్ మరిచిపోయి ఉంటే, పెన్నుతో పిచ్చిరాతలు రాసి ఉంటే, ఆవిడ "ఇదేంటి" అని చూసేది. అన్నీ సరిగ్గా చేశాను కాబట్టే అది చచ్చిపోయింది.

ఆవిడ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి మధ్యాహ్నం దాకా చూసింది. కుబుసం లోపల కొత్త చేతులు తయారై ఉన్నాయట, ఇంకో రెండు రోజులు ఆగితే బయటికొచ్చేవట. సూదితో పొర ఒలిచింది. లోపలివి తెల్లగా, మెత్తగా, గట్టిపడకుండా ఉన్నాయి. ముట్టుకుంటే వంగిపోతున్నాయి. డైరెక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. "దీని ఆకారం నమ్మలేం. కుదరదు." తర్వాత లేబుల్ చూశాడు. "ఇక్కడ నీ పేరెందుకుంది? మార్చెయ్."

"లేబుల్ మార్చకూడదు సార్" అంది వదిన.

ముప్ఫై రెండేళ్ళలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ గొట్టాన్ని ఆవిడే తీసుకెళ్ళి, పేరు పెట్టవలసినవి అని రాసున్న అరలో పెట్టింది. ఆ అరంటే ఆవిడకి మంట. ఆవిడ ఉద్యోగంలో చేరకముందు నుంచీ అక్కడ కదలకుండా కూర్చున్న సీసాలున్నాయి.

ముప్ఫయ్యో తారీఖున దండ వేశారు, శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. వ్యాసం వెళ్ళలేదు. కాగితం మీద రెండు పెట్టెలూ అలాగే ఖాళీగా ఉన్నాయి.

ఆ తర్వాత పదిహేను రోజులు ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు పిచ్చెక్కించింది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఆఫీసు చీర కట్టుకుని, గుర్తొచ్చి మార్చుకునేది. ఒకరోజు ఇంక పట్టలేక ఎదురుగా నిలబడ్డాను. "తిట్టండి వదినా! నోరారా తిట్టండి, నాకు తిన్నది అరగట్లేదు."

"నువ్వేం తప్పు చేశావని? అన్నీ సరిగ్గానే రాశావు" అంది. అంతకన్నా ఒక లెంపకాయ కొట్టినా బాగుండేది.

ఆ కోపమంతా మూటకట్టుకుని మ్యూజియంకి వెళ్ళాను. ఈసారి గేటు దగ్గర సంతకం ముందే పెట్టాను. డైరెక్టరు గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాను. "ఆ పురుగు ముందు ఎవరి కంట పడింది సార్?"

"నాకు తెలుసమ్మా. కానీ రూలు..."

"రూలు, రూలు! టూరు మీది కాబట్టి పట్టింది మీరు, రిటైరైంది కాబట్టి రాసింది మీరు. ఆవిడ మరి దేనికి, సీసాలు తుడవడానికా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వ్యాసం మీద పేరు నా చేతిలో లేదు. లేబుల్ మీద పేరు మాత్రం ఎవరిదైతే వాళ్ళది, వ్యాసం లోపల ఉన్నదున్నట్టు అచ్చు వేసి తీరాలి. దాన్ని తీసేసే హక్కు నాకు కూడా లేదు."

"అంటే టూరు లేకుండా మేమే వెళ్ళి పట్టుకొస్తే?"

ఆయన తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. "అప్పుడు పట్టింది మీరే" అని, గుహకి వెళ్ళడానికి అనుమతి ఉత్తరం రాసి ఇచ్చాడు.

నాకు చీకటంటే భయం. సాలీళ్ళంటే ఇంకా భయం, ఆ ఒక్కదానికి తప్ప. వదినకి మోకాళ్ళ నొప్పులు. ఈ ఇద్దరం బస్సు దిగి గంటసేపు నడిచి గుహకి పోవడం చూస్తే ఎవరైనా నవ్వుతారు. మొదటిసారి వెళ్తే వానకి లోపల నీళ్ళు. రెండోసారి ఆడవే కనిపించాయి. మూడోసారి నేను గబ్బిలాల రెట్టలో జారి వెల్లకిలా పడ్డాను. "చాలు, నాకొద్దు, మీరూ మీ పురుగులూ" అని అక్కడే కూర్చుని అరిచాను. వదిన టార్చి పట్టుకుని "అయిందా? లే" అంది. నాలుగోసారి, ఆ మలుపు దగ్గరే, నేనొక రాయి ఎత్తాను. కింద ఒక పిల్ల మగది. ఎత్తిన రాయి ఎత్తినట్టే పట్టుకుని కెవ్వుమన్నాను. "కదలకు!" అంటూ వదిన వంగి, గొట్టం మూతి దాని ముందు పెట్టింది.

మళ్ళీ చిన్న గది, మళ్ళీ అరటితొక్కలు, మళ్ళీ ఈగలు. లిఫ్టు బాగవలేదు కానీ సెక్రటరీ చేత నోటీసు మా తలుపు మీదే అంటించేలా ఒప్పించాను. జాడీ మీద నేనే పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: "ప్రాణంతో ఉంది. ముట్టుకుంటే ఊరుకోను."

ఆరు నెలలు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం గుడ్డ తడుపుదామని వెళ్తే, రాయికి సన్నటి తెల్లటి కుబుసం వేలాడుతోంది, విప్పిన చేతితొడుగులా. పక్కనే అది. వదినని కేకేశాను. ఆవిడ వచ్చి భూతద్దం పెట్టి చూసింది. ముందు చేతుల చివర గోధుమరంగులో గట్టి కొక్కేలు, మెలికలు. "ఇదే" అంది.

రెండు రోజులు గట్టిపడనిచ్చి, మూడోరోజు దాన్ని గొట్టంలోకి ఎక్కించి, వంటింటి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకున్నాం. స్పిరిట్ సీసా మూత తీసింది వదిన. తీసి, అలాగే కూర్చుంది. అది గొట్టం లోపల కాలెత్తి గాజుని తడుముతోంది. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"వదినా, ముందు స్పిరిట్, తర్వాత మాటలు. అన్నది మీరే కదా?"

"నావల్ల కావట్లేదే." సీసా కింద పెట్టేసింది. "ముప్ఫై రెండేళ్ళు పోశాను. ఒక్కదాన్ని కూడా చూళ్ళేదు. లేబులే చూశాను."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆవిడ మీద, డైరెక్టరు మీద, ఈ సాలీడు మీద, చంపితే తప్ప పేరు పెట్టని ఆ పద్ధతి మీద. ఆరు నెలలు దాన్ని సాకింది నేను. అయినా ఎవరో ఒకరు పొయ్యాలి కదా. సీసా లాక్కున్నాను. పోశాను. అది రెండుసార్లు కాళ్ళు చాపి, ముడుచుకుంది. ఏడుపొచ్చేసింది. సాలీడు కోసం ఏడ్చే వెర్రిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ పక్కకి చూస్తే, వదిన కూడా చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది.

చాలాసేపటికి కాగితం కత్తిరించి పెన్సిల్ తీసుకున్నాను. గుహ రాశాను. తేదీ రాశాను. "మూడో వరుసలో మీ పేరే రాస్తాను" అన్నాను.

"రాయి ఎత్తింది నువ్వు. లేబుల్ మీద అబద్ధం రాయకూడదు."

"మరి డైరెక్టరు పేరు రాసినప్పుడు?"

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "అందుకే చెబుతున్నాను."

రాయి ఎత్తింది నేను, గొట్టం పెట్టింది ఆవిడ. మూడో వరుసలో ముందు ఆవిడ పేరు, తర్వాత నా పేరు, చోటు చాలక బాగా చిన్న అక్షరాలతో ఇరికించి రాశాను. ఆవిడకి చూపించాను. ఒకసారి చదివి, తల ఊపింది. అప్పుడు మడిచి లోపల వేశాను.